మా వాకిట్ల ఆరు టైర్ల బండి

మా చెల్లె పద్మ బిడ్డ మౌనిక పోయిన నెల ఒకనాడు పొద్దుగాల్నే ఫోన్ చేసింది. "పెద్దమ్మా, జెర ఖాళీ చేసుకొని ఒకపూట పటాన్‌చెరు రా. బండి చూసిన. వెనక డబుల్ టైర్లది, మొత్తం ఆరు టైర్లు. కొనాల్నో వద్దో సమజైతలేదు. నువ్వు పక్కన ఉంటె నాకు ధైర్యం" అన్నది. బండ్ల సంగతి నాకేం తెలుసు? సంగారెడ్డి బడిల ఇన్నేండ్లు తెలుగు పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. సైకిల్ కూడ సక్కగ తొక్కరాదు. అదే మాట ఆ పిల్లతోని అనొచ్చు, అనలేదు. "రేపు చెప్త" అని ఫోన్ పెట్టేసిన. ఆ రేపు నాలుగు దినాలు రాలేదు. ఆమె మళ్ళ మళ్ళ చేస్తనే ఉన్నది. తలనొప్పి అని ఒకసారి, ఇంటికి చుట్టాలొచ్చిన్రని ఒకసారి తప్పించుకుంట వచ్చిన.

మౌనికకు కర్దనూర్ల తాగే నీళ్ళ ప్లాంటు ఉన్నది. క్యాన్లు నింపి, బీహారు నుంచి, ఒడిశా నుంచి వచ్చిన కార్మికులుండే రూములకు, కంపెనీ క్యాంటీన్లకు వేస్తది. ఇన్ని దినాలు చిన్న ట్రాలీ ఆటో మీద మోసింది. దానితోని నాలుగు తిరుగుళ్ళు తిరిగే కాడ ఆరు టైర్లదైతె ఒక్కటే తిరుగుడట. నీళ్ళు బరువు, పైంగ కదులుతయి. వెనక ఒక్కొక్క టైరే ఉన్న బండి మీద అంత బరువేస్తె మూల తిరిగేటప్పుడు ఒక దిక్కు ఒరుగుతది. రెండేసి ఉంటె నేలను పట్టుకొని పోతది. ఇవన్ని ఫోన్ల ఆ పిల్ల చెప్తుంటె నేను ఊ కొట్టిన గని, ఇవేవీ నాకు కొత్త మాటలు గావు. ఆ బండి మీద బరువు ఎట్ల కుదురుగ కూసుంటదో నేను పదమూడేండ్లప్పుడే చూసిన. చూసి, దాని గురించి ఒక మాట అన్న. ఆ మాట నన్ను చానా ఏండ్లు తిన్నది.

మా ఊరు గుమ్మడిదల అవతల ఉంటది. మాకు నాలుగెకరాల భూమి ఉండె. ఎవుసం కలిసిరాక, బోర్ల నీళ్ళు రంగు మారినంక, మా నాయిన దగ్గర్లనే పెట్టిన ఒక మందుల కంపెనీల చేరిండు. అప్పటిసంది మా ఇంటి పొద్దు సూర్యుని బట్టి గాదు, నాయిన షిఫ్టు బట్టి పొడుస్తుండె. ఆయన ఇంటికి వచ్చే యాళ్ళకు అమ్మ ఎనక వాకిట్ల పెద్ద గోళెంల ఏన్నీళ్ళు, వేపాకు వేసి పెడుతుండె. అక్కడ్నే తానం చేసి, అక్కడ్నే బట్టలు మార్చుకోని, అప్పుడు గడప దాటాలె. కంపెనీ బట్టలకు ఒక దండెం వేరే ఉండె, దాని మీద ఇంకొకరి గుడ్డ ఆరేసేది లేదు. ఎంత తోమి తానం చేసినా ఆ వాసన పోకపోతుండె. మురిగిన కోడిగుడ్డు, గోర్లకు వేసుకునే రంగు, దావఖాన వరండా, ఈ మూడు కలిస్తె ఎట్లుంటదో గట్ల. నాయిన పక్కన కూసోని అన్నం తింటె పచ్చిపులుసుల కూడ అదే వాసన వస్తుండె. మాకు అలవాటయ్యింది. అలవాటు కానిది బర్రెకు. ఆయన చిన్నప్పటిసంది పాలు పిండిన చెయ్యి, గని కంపెనీల చేరినంక ఆయన కుండ పట్టుకొని దగ్గరికి పోతె బర్రె ముక్కులు ఎగరేసి పక్కకు జరుగుతుండె. రెండు మూడు సార్లు చూసి నాయిన ఆ కుండ అమ్మ చేతికిచ్చిండు. మళ్ళ ఎన్నడు పాలు పిండలేదు. ఆ దినం అమ్మ కండ్ల నీళ్ళు పెట్టుకున్నది. జొన్నరొట్టె చేస్తున్నది గనుక పొయ్యి పొగ అనుకున్నం పిల్లలం.

బండి మాట మొదలు తెచ్చింది నాయిన గాదు, అమ్మనే. మా ఇంటి నెయ్యి కొనుక్కునే సత్యనారాయణ గారని ఒకాయన పటాన్‌చెరుల ఉంటుండె. గోదావరి దిక్కు మనిషి, సర్కారు ఫ్యాక్టరీల నౌకరి. తన బామ్మర్ది కోసమని ఒక బండి కొని పెట్టిండు. ఆ బామ్మర్దికి ఇక్కడి గాలి పడక వాళ్ళ ఊరికి తిరిగిపోయిండట. బండి ఊకెనే ఉన్నది, ఎవరన్న నమ్మకస్తులుంటె ఇస్తనని నెయ్యి డబ్బ పట్టుకపోయిన అమ్మతోని అన్నడు. అమ్మ ఇంటికొచ్చి చెప్పులు గూడ విడవలేదు. "ఊర్ల టమాట, గోబీ అందరు పండిస్తున్నరు. మార్కెట్‌కు తీసుకపోనీకె కిరాయి బండి కోసం దినాలకు దినాలు ఎదురుచూస్తున్నరు. నీకు ట్రాక్టర్ నడుప వస్తది, లైసెన్సు ఉన్నది. ఆ కంపెనీ ఇడిచిపెట్టు" అన్నది. నాయిన ఆలోచనల పడ్డడు.

మా నాయినమ్మకు మాత్రం బండి పేరెత్తితె పానం మీదికి వస్తుండె. ఆమె వాకిట్ల గద్దె మీద కూసోని, చెంగుల పొగాకు నలుపుకుంట, పెద్దరోడ్డు మీద పోయినోళ్ళ పేర్లు లెక్కబెడుతుండె. ఫలానా ఊరోడు లారీ కింద, ఫలానా ఊరోడు బస్సు కింద. "కంపెనీ జీతం నెల తిరిగితె ఇంట్లకొస్తది కొడుకా. బండి తిరిగితెనే అన్నం, తిరగకపోతె పస్తు. నాకు నువ్వొక్కనివి" అంటుండె. అమ్మ పొయ్యి కాడి నుంచి జవాబు చెప్తుండె. "కంపెనీల ఉన్నా ఒక్కడే అత్తా. జెర ఆయన ముఖం చూడు, పచ్చగ ఎట్లున్నదో." నడిమిట్ల నాయిన కూసోని చల్ల తాగుతుండె. ఇద్దరి మాటలు ఆయన తల మీదికెల్లి పోతుంటె, నేను పుస్తకం తిరిగేసుకుంట అన్ని వింటుంటి. ఆ నెలంత మా ఇంట్ల ఎవ్వరూ కడుపునిండ తిన్నట్టు గుర్తులేదు.

ఆఖరికి నాయిన నన్ను ఎంటబెట్టుకొని పటాన్‌చెరు పోయిండు. నేను చదువుకున్న పిల్లను, బోర్డులు చదువుతనని. సత్యనారాయణ గారి ఇంట్ల ఇంగువ వాసన, తెల్లగ సున్నం వేసిన గోడలు. వాళ్ళావిడ నాకు గిన్నెల ఉప్మా పెట్టి, "తిను తల్లీ, మొహమాటపడకు" అన్నది. మా దిక్కు అట్ల మెత్తగ మాట్లాడేటోళ్ళు తక్కువ. నేను సిగ్గుపడి సగమే తిన్న. బయట రేకుల షెడ్డుల బండి నిలబడి ఉండె. నీలం రంగు, ముందట రెండు టైర్లు, వెనక ఒక్కొక్క పక్క రెండేసి జంటగ. నాయిన దాని చుట్టు తిరిగిండు గని చెయ్యి పెట్టలేదు.

"రాంరెడ్డి గారూ, ఇలా ఒకసారి చూసి తీసుకునేది కాదండి ఇది" అన్నడు సత్యనారాయణ గారు. "మూడు రోజులు మీ ఇంటి దగ్గర పెట్టుకోండి. బరువు వేయండి, ఎత్తు ఎక్కించండి, దించండి. మీ అమ్మగారికి, మీ ఆవిడకి కూడా నచ్చాలి కదా. నచ్చకపోతే తెచ్చి ఇక్కడే పెట్టేయండి. నేనేమీ అనుకోను."

"ఉత్తగనె ఇస్తరా సార్, మూడు దినాలు?" నాయిన నమ్మలేదు.

"మీ నెయ్యి నాలుగేళ్ళుగా తింటున్నానండీ. మీరెలాంటివారో నాకు తెలీదా?"

అని, వెనకకు తీసుకపోయి టైర్ల సంగతి చెప్పిండు. జంట టైర్ల నడుమ రాయి ఇరుక్కుంటది, దినాం చూసి తియ్యాలె. లోపలి టైరు గాలి పోయినా బయటిది మోస్తనే ఉంటది, మనిషికి తెల్వది. అందుకని బయలుదేరే ముందు ఇనుప రాడుతోని ఒక్కొక్క టైరును కొట్టి, సప్పుడు వినాలె. ఆయన కొట్టి చూపించిండు. నాయిన వంగి, చెవి పెట్టి, బడిల పిల్లగాని లెక్క విన్నడు.

బండి మా ఊర్లకు వచ్చిన పొద్దు నాకు ఇప్పటికీ కండ్ల ముందటనే ఉన్నది. మా వాకిలి సరిపోలేదు, వెనక భాగం పక్కింటోళ్ళ గల్లీలకు పోయింది. అమ్మ పసుపు కుంకుమ తెచ్చి ఆరు టైర్లకు ఆరు బొట్లు పెట్టింది, లోపలి టైర్లకు చెయ్యి అందక బండి కిందికి దూరి పెట్టింది. "ఇంక కొనలేదు కదనే, అప్పుడే బొట్లెందుకు?" అని నాయినమ్మ గద్దె మీద బండికి వీపు పెట్టి కూసున్నది. ఆ మూడు దినాలు ఆమె గట్లనే కూసున్నది, తిండి కూడ అటు తిరిగే తిన్నది. మొదటి దినం నాయిన దాన్ని పొలం దాక తీసుకపోయి తెచ్చిండు. రెండో దినం గడ్డి మోసిండు. చెప్పులు విడిచి వట్టి కాళ్ళతోని నడుపుతుండె. "ఎందుకు నాయినా?" అంటె, "చెప్పులుంటె ఒడుపు దొరుకుతలేదు" అన్నడు. పొద్దుగూకినంక అమ్మ, నాయిన వాకిట్ల కూసోని, షెడ్డు ఎక్కడ వేయాలె, ఊర్ల ఎవలెవలు కిరాయికి చెప్పిన్రు అని మాట్లాడుకుంటుంటె, అమ్మ గొంతుల ఎన్నడు లేని హుషారు. నాయిన కంపెనీకి సెలవు పెట్టిండు గనుక ఆ మూడు దినాలు ఆ వాసన లేదు. మూడో దినం పొద్దుగాల ఆయన బర్రె కాడికి పోయి నిలబడ్డడు. బర్రె జరగలేదు. అమ్మ అది చూసి నాకు సైగ చేసి చూపించింది.

ఆ పొద్దే టమాట వేసుకొని మార్కెట్‌కు పోయేది. మా పొలంది, ఇంకో ముగ్గురిది కలిపి డబ్బాలు ఎక్కించిన్రు. నాయిన రాడుతోని ఆరు టైర్లు కొట్టి చూసుకున్నడు. నేను ముందట ఆయన పక్కన కూసున్న. అంత బరువేసినా బండి ఊగలేదు, బర్రె నడిచినట్టు నిమ్మళంగ పోతున్నది. నాకు ఖుషీ అయ్యింది. చెరువు కట్ట ఎక్కేదాక ఆ ఖుషీ ఉన్నది.

కట్ట దిగే కాడ తొవ్వ జారుగ ఉంటది. కింద గొర్లు అడ్డం వచ్చినయి. వాటి ఎనక ఒక ముసలామె, నెత్తి మీద గొంగడి, చేతిల కట్టె. బండి చప్పుడు విని ఆమె తిరిగి చూసింది. నాయిన బ్రేకు తొక్కుతున్నడనే నేను అనుకున్న. బండి ఆగలేదు, ఇంక జోరందుకున్నది. నేను నాయిన దిక్కు చూసిన. ఆయన తొవ్వ చూస్తలేడు. తల కిందికి వంచి తన కాలును చూసుకుంటున్నడు. నేను "నాయినా!" అని కేక పెట్టిన. ఆయన కాలు లేపి మళ్ళ పెట్టిండు. బండి ఒక్కసారే బిగుసుకొని ఆగింది. వెనక డబ్బాలు దబ్బుమన్నయి. నా తల ముందటి అద్దానికి తగిలింది. గొర్లు రెండు దిక్కుల చెదిరినయి. ఆ ముసలామె బండి ముక్కుకు జానెడు దూరంల నిలబడి ఉండె, తిట్టలేదు, అరవలేదు, కట్టె రెండు చేతులతోని పట్టుకొని మమ్మల్నే చూస్తున్నది. ఆమె నోరు తెరవకపోవుడే నాకు ఎక్కువ భయమైంది. నాయిన దిగి ఆమె కాళ్ళకు దండం పెట్టిండు. మళ్ళ బండెక్కిండు. ఆ తర్వాత పటాన్‌చెరు దాక మనిషి నడిచినంత మెల్లగ తీసుకపోయిండు. సైకిలోళ్ళు కూడ మమ్మల్ని దాటిపోయిన్రు.

తిరిగొచ్చేటప్పుడు, ఊరు ఇంక రెండు మైళ్ళుందనంగ, బండి పక్కకు ఆపిండు.

"బిడ్డా, భయమైందా?"

"అయింది నాయినా."

"మళ్ళ ఎక్కమంటె ఎక్కుతవా?"

పదమూడేండ్ల పిల్లను. నా నుదురు బొప్పి కట్టి సలుపుతున్నది. ఆ ముసలామె కండ్లు ఇంక నా ముందటనే ఉన్నయి. "ఎక్క" అన్న.

ఆయన తల ఊపిండు. నాకు అప్పుడు ఏం అర్థమయ్యిందంటె, నన్ను ఎక్కించుకపోడు, అంతే. ఇంటికొచ్చినంక అమ్మ కాళ్ళకు నీళ్ళిచ్చి, "ఎట్ల నడిచింది బండి? సత్యనారాయణ సార్‌కు మాట పంపుదమా?" అని అడిగింది. నాయిన కాళ్ళు కడుక్కొని, తువాలతోని తుడుచుకొని, నా దిక్కు చూడకుంట అన్నడు. "వద్దు. బిడ్డ భయపడుతున్నది. బిడ్డ భయపడేది మనింటికి వద్దు."

నాయినమ్మ గద్దె మీద ఇటు తిరిగి కూసున్నది, మూడు దినాలకు మొదటిసారి. అమ్మ చేతిల చెంబు చేతిలనే ఉన్నది. ఆమె నన్ను చూసిన చూపు నేను రాయలేను. కోపం అయితె పోతుండె. కోపం గాదు అది. తెలిసినోళ్ళు చేతిల ఉన్నది గుంజుకుంటె చూసే చూపు. "ఏమైంది? ఏం జూసి భయపడ్డవే?" అన్నది. గొర్ల సంగతి చెప్పిన. నాయిన మధ్యల వచ్చి, "దాన్ని ఏమనకు. ఇగ ఆ ముచ్చట ఇడిచిపెట్టు" అన్నడు. ఆయన నన్ను కాపాడుతున్నడనుకున్న. దినాం అమ్మ వేసే నా జడ ఆ వారమంత నాయినమ్మనే వేసింది.

బండిని తిరిగి అప్పజెప్పనీకె నాయిన పోలేదు. మాట పంపితె సత్యనారాయణ గారే ఒక డ్రైవర్‌ను తీసుకొని బస్సుల వచ్చిండు. "అయ్యో, మీరే వాడుకుంటారనుకున్నానండీ" అని నొచ్చుకున్నడు. అమ్మ ఆయనకు నెయ్యి డబ్బ ఇచ్చి, పైసలు తీసుకోలేదు. బండి గల్లీ దాటిపోతుంటె నాయిన ఇంట్లకెల్లి బయటికి రాలేదు. చూడలేక రాలేదనుకున్నం. తెల్లారి ఫస్టు షిఫ్టుకు పోయిండు. పొద్దుమీకి వచ్చేసరికి గోళెంల వేపాకు నీళ్ళు, ఎనకటి వాసన, వేరే దండెం, అన్ని మునుపటి లెక్కనే.

నాయిన ఆ కంపెనీల ఇంకో పదకొండేండ్లు చేసిండు. దగ్గు మొదలైంది, తిండి తగ్గింది, నడక తడబడేది. సీసాల లెక్కన మందులు తాగిండు. ఆయన దగ్గినప్పుడల్ల నేను ఇంట్ల ఎక్కడున్నా నాకు వినబడుతుండె, నా "ఎక్క" అన్న మాట కూడ దాని ఎంటనే వినబడుతుండె. అమ్మ మామూలుగ ఏమనకపోతుండె. ఒక్కసారే, నాకు పెండ్లయి మొదటి కాన్పుకు పోయినప్పుడు, నాయిన వాకిట్ల ఊపిరందక కూసుండిపోతె వీపు రాస్తున్న అమ్మ నా దిక్కు తిరిగి, "నువ్వు ఆనాడు గా మాట అనకపోతె ఈ మనిషి ఇట్ల అయితుండెనా?" అన్నది. అని, ఎంటనే నాలుక కరుచుకున్నది. "ఏదో నోట్లకెల్లి వచ్చింది, మనసుల పెట్టుకోకు" అన్నది. నోట్లకెల్లి వచ్చింది గాదు, మనసుల ఉన్నదే వచ్చింది. నాకు తెలుసు, ఆమెకు తెలుసు. ఆ తర్వాత నాలుగేండ్లకు అమ్మనే ముందు పోయింది, మూడు దినాల జ్వరంతోని. ఆమె పోయే పొద్దు నేను కాళ్ళు పట్టుకొని, "అమ్మా, ఆ బండి..." అని మొదలుపెట్టిన. ఆమె వినే హోష్‌ల లేదు.

అమ్మ పోయినంక నాయినను సంగారెడ్డిల మా ఇంటికి తెచ్చుకున్న. పొద్దటి ఎండ వచ్చే కాడ కుర్చీ వేసి కూసోబెట్టి, తలకు నూనె రాసి, గోర్లు తీస్తుంటి. ఒకనాడు కాలి బొటనవేలు గోరు తీసేటప్పుడు కత్తెర జారి కండకు తెగింది. బొటబొట రక్తం కారింది. నేను "అయ్యో" అని గుడ్డ తేనీకె లేస్తున్న. నాయిన రోడ్డు మీద పోయే బస్సును చూసుకుంట కూసున్నడు. కాలు గుంజలేదు, అబ్బ అనలేదు. ఆయనకు తెల్వదు. నేను ఆ వేలును గట్టిగ ఒత్తి పట్టిన. అప్పుడు కూడ తెల్వలేదు.

"నాయినా, వేలు తెగింది. నొస్తలేదా?"

వంగి చూసుకున్నడు. "తెగిందా? పోనీ తియ్యి. దానికేం తెల్వది" అన్నడు, పక్కింటోళ్ళ సంగతి చెప్పినట్టు.

"ఎప్పటిసంది?"

నేను గుడ్డ కట్టి ముడి వేసినంక అన్నడు. "ఆ బండి దినాలసంది. అప్పటికి ఏడాది ముందట్నే అరికాళ్ళల్ల చీమలు పాకినట్టు ఉంటుండె. కంపెనీల మందు నీళ్ళల్ల నిలబడేది గదా. నేల మీద నడిస్తె ఏం గాకపోతుండె. ఆనాడు కట్ట దిగేటప్పుడు బ్రేకు మీదనే కాలు పెట్టిన అనుకున్న. కాలు కింద ఏమున్నదో నాకు తెలుస్తలేదు. వంగి చూస్తె దాని మీద లేదు."

నేను కత్తెర కింద పెట్టిన. "మరి నా పేరెందుకు చెప్పినవు నాయినా?"

"ఏం జెప్పాలె మరి? నా కాలుకు స్పర్శ లేదని చెప్పనా? ఆ మాట ఊర్ల పాకితె కంపెనీల తీసేస్తరు. బండి లేకపాయె, నౌకరి లేకపాయె, మిమ్మల్నెట్ల సాదాలె? మీ అమ్మ ఆ ఫికర్‌తోనే సచ్చిపోతుండె. ఆడపిల్ల భయపడ్డదంటె ఎవ్వరు మారు మాట్లాడరు. పిల్లవు, నాలుగు దినాలకు మరిచిపోతవు అనుకున్న."

"అమ్మకు చెప్పినవా? తర్వాతనన్న?"

"చెప్పలే."

ఆయన తప్పు చేసినట్టు చెప్పలేదు. బరువు ఎక్కడ దించాలెనో చూసి, దొరికిన కాడ దించిన మనిషి లెక్క చెప్పిండు. నేను లేచి లోపలికి పోయి వంటింట్ల నిలబడ్డ. నా నెత్తి మీదికెల్లి ఏదో దిగినట్టయ్యింది, దిగిన కాడ మంట పుట్టింది. నేను కారణం గాదు. అది విననీకె ఇన్నేండ్లు పట్టింది. విన్నంక సంబురం రాలేదు. అమ్మ ఆ మాట నమ్మి పోయింది. నేను ఆయన మందుల కోసం ఎన్ని దావఖానలు తిరిగిన, ఎన్ని రాత్రులు తప్పు నాదే అని ఏడ్చిన, ఆయన చూసుకుంటనే ఊకున్నడు. చెంబు తీసి కిందేసి కొట్టాల్ననిపించింది. కొట్టలేదు. తిరిగి వచ్చి కింద కూసొని, మిగిలిన గోర్లు ఒక్కొక్కటి తీసిన. ఆయన నా నెత్తి మీద చెయ్యి పెట్టిండు. నేను ఆ చెయ్యి తీసెయ్యమనలేదు, ఉంచుమనలేదు. ఇంకో రెండేండ్లు బతికిండు. ఆ సంగతి మళ్ళ మేమిద్దరం ఎత్తలేదు.

ఇవన్ని మతికొచ్చే నాలుగు దినాలు మౌనికకు జవాబియ్యలేదు. ఐదో దినం ఆమె ఫోన్ చేయలేదు. అప్పుడు బస్సెక్కి పటాన్‌చెరు పోయిన.

ఆ పిల్ల ముగ్గురు మెకానిక్‌లను తెచ్చి బండి చూపించింది. వీడియోలు తీసి ఎవలెవలికో పంపింది. కండ్ల పరీక్ష, వొంటి పరీక్ష తనే పోయి చేయించుకున్నది. అమ్మేటాయన ముందట్నే, పది మంది వింటుండంగ, "అన్నా, నాకు మస్తు భయమైతుంది. ఇంత పెద్ద బండి నేను ఎన్నడు నడపలే. ఒక పూట బరువేసి తిప్పి చూసినంకనే మాట చెప్త" అన్నది. ఆయన నవ్విండు. ఆమె నవ్వలేదు. నాకు నవ్వు రాలేదు, ఏడుపు వచ్చినంత పనయ్యింది. మా ఇంట్ల భయం అందరికీ ఉండె. నాయినమ్మ దాన్ని చచ్చినోళ్ళ పేర్ల వెనక దాచింది, అమ్మ కోపం వెనక దాచింది, నాయిన నా వెనక దాచిండు. నాకు భయమైతుంది అని నోరు తెరిచి చెప్పింది పిల్లనొక్కదాన్నే, దాన్నే అందరు వాడుకున్నరు. అప్పటి రోజులే మంచివని నేను చెప్పలేను. ఇప్పటివి మంచివని కూడ గట్టిగ అనలేను. మా చిన్నప్పుడు వాకిట్ల బాయి నీళ్ళు తాగినం, ఇప్పుడు అదే నేల మీద ఆ పిల్ల క్యాన్లల్ల నీళ్ళు అమ్మి బతుకుతున్నది, పొద్దుమీకి ఆ గాలిల అదే మురిగిన వాసన ఇప్పటికీ వస్తది. గని ఒక్కటి మారింది. భయాన్ని ఇంకొకరి పేరు మీద చెప్పాల్సిన అక్కర ఈ పిల్లకు లేదు.

నీళ్ళ క్యాన్లు నిండ ఎక్కించి, నన్ను పక్కన కూసోబెట్టుకొని, కర్దనూర్ దాక నడిపింది. నా రెండు చేతులు సీటును గట్టిగ పట్టుకున్నయి. ఆమె పెదవులు బిగబట్టి, తొవ్వ మీదికెల్లి చూపు తీయకుంట నడిపింది. ఒక మూల మీద ఎదురుంగ కంటెయినర్ వస్తె ఆగి, దానికి దారిచ్చి, "అమ్మో" అని ఊపిరి వదిలి, మళ్ళ కదిలింది. ప్లాంటు ముందట ఆపి ఇంజన్ బంద్ చేసి, నా దిక్కు తిరిగింది. ముఖమంత చెమట.

"చెప్పు పెద్దమ్మా. కొననా, వద్దా? నువ్వు వద్దంటె కొనను."

వద్దు అనే మాట నా నాలుక చివరి దాక వచ్చింది. నిజంగ వచ్చింది. అంత భయమైంది నాకు. కొను అనుడు కూడ అంతే సులువు, ధైర్యం చెప్పిన పెద్దమ్మనని పేరొస్తది. రెండూ అనలేదు.

"నాకు మస్తు భయమైతుంది బిడ్డా" అన్న. "గని అది నా భయం. దాన్ని చూసి నువ్వు కొనుడు, మానుడు చేయకు. నీకు ఎంత భయమున్నదో, ఎంత నమ్మకమున్నదో నువ్వు చూసుకో."

ఆమె ప్లాంటు దిక్కు చూసింది. "నాకు సగం సగం ఉన్నది" అన్నది. ఆ తర్వాత కిందికి దిగి, క్యాన్లు దించుమని పనోళ్ళను పిలిచింది. తెల్లారి పొద్దుగాల బండి తీసుకున్నదని పద్మ ఫోన్ చేసి చెప్పింది.

ఇప్పుడు దినాం పొద్దుగాల ఆ పిల్ల బయలుదేరే యాళ్ళకు నాకు ఇంట్ల కాలు నిలవది. తిరుగుడు అయిపోయి, "ఇంటికొచ్చిన పెద్దమ్మా" అని ఆమె ఫోన్ వచ్చేదాక చాయ కూడ గొంతు దిగది. పక్కింటామె చూసి మొన్న అడిగింది, "ఏంది టీచరమ్మా, గంత పరేషాన్‌గ ఉన్నవు, మీ బిడ్డ బండి నడుపనీకె భయపడుతున్నదా ఏంది?" అని. "లేదమ్మా" అన్న. "బిడ్డ మంచిగనే నడుపుతున్నది. భయపడేది నేను."